మైకు సెట్టు నుంచి కారు డోరు దాకా: నంద్యాల సీమలో యాంప్లిఫయర్

నంద్యాల, ఆళ్లగడ్డ, బండి ఆత్మకూరు ప్రాంతంలో యాంప్లిఫయర్ అంటే మొదట మైకు సెట్టే. పెళ్లి పందిట్లోనూ రామాలయం మీదా ఎన్నికల జీపు మీదా కొన్ని దశాబ్దాలు పనిచేశాక గానీ అది కారులోకి, తలుపుల్లోని స్పీకర్ల దగ్గరికి రాలేదు. ఈలోగా దాని బరువు తగ్గింది, ధర దిగింది, లోపలి సరుకంతా మారిపోయింది. దాన్ని ఎంచుకునేవాళ్లు తేల్చుకోవలసిన సంగతులు మాత్రం మొదటి నుంచీ మూడే. స్పీకరు ఎన్ని ఓములది, యాంప్లిఫయర్ నిజంగా ఎన్ని వాట్లు ఇస్తుంది, ఆ వాట్లకు కావలసిన కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది. మైకు సెట్లు అద్దెకిచ్చి బతికినవాళ్లకు ఈ మూడూ రోజూ చేతిలో పని. కారులో పాటలు బాగా వినిపించాలని ఇవాళ కొత్తగా యాంప్లిఫయర్ కొనేవాళ్లు తెలుసుకోవలసిందీ అదే విద్య.

మైకు రాకముందు ఊరికి కబురు చేరాలంటే దండోరా ఉండేది. తలారి తప్పెట కొట్టి వీధి వీధినా ఆగి చాటేవాడు. భజన, తోలుబొమ్మలాట, వీధి నాటకం అన్నీ గొంతుబలం మీదే నడిచేవి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజానికైనా, బళ్లారి రాఘవ ఆడిన నాటకాలకైనా ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి మాట వినిపించడం నటుడి బాధ్యతే. పద్యం రాగం తీసి పాడడంలో సంగీతంతోపాటు ఈ అవసరమూ ఉంది. మామూలు మాట కన్నా సాగదీసిన స్వరం దూరం పోతుంది.

అమెరికాలో లీ డి ఫారెస్ట్ 1906లో మూడు ఎలక్ట్రోడ్ల వాల్వును తయారు చేశాడు. చిన్న విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేసే పనికి అది పనికొస్తుందని కొన్నేళ్లకు తేలింది. 1915లో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు శాన్‌ఫ్రాన్సిస్కోలో వేలమంది జనానికి లౌడ్‌స్పీకరు వినిపించారు. 1925లో రైస్, కెల్లాగ్ కాగితపు కోను, దాని వెనక కదిలే కాయిలు ఉన్న స్పీకరు రూపాన్ని స్థిరపరిచారు. నేటి కారు డోరు స్పీకరు ఆ వంశానిదే. మన దేశంలో మోట్వానీ కుటుంబం నడిపిన చికాగో రేడియో సంస్థ 1930ల్లో కాంగ్రెస్ సభలకు లౌడ్‌స్పీకర్లు సమకూర్చింది. గాంధీ, నెహ్రూల పాత ఫొటోల్లో మైకు మీద ఆ పేరు ఇప్పటికీ చదవవచ్చు. 1940లో ఢిల్లీలో మొదలైన అహూజా సంస్థ పేరు తర్వాతి కాలంలో పల్లెటూళ్ల దాకా పాకి, చాలాచోట్ల మైకు సెట్టుకు మారుపేరైంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నంద్యాల అప్పుడు కర్నూలు జిల్లాలోదే, 2022 ఏప్రిల్ 4న సొంత జిల్లా అయ్యేదాకా అందులోనే ఉంది. రాష్ట్రం వచ్చిన ఆ దశాబ్దం నుంచే పల్లెల్లో మైకు సెట్టు మెల్లగా అలవాటు వస్తువు కాసాగింది.

అప్పటి వాల్వు యాంప్లిఫయర్‌ను కాస్త దగ్గరగా చూడాలి. ఇనుప పెట్టె, ముందువైపు మైకుకు ఒకటి, రికార్డు ప్లేయరుకు ఒకటి వాల్యూం మరలు, పైన గాలి ఆడడానికి చిల్లులు. స్విచ్ వేసిన వెంటనే పలకదు. వాల్వుల్లోని ఫిలమెంటు వేడెక్కి ఎర్రబడాలి, దానికి అర నిమిషం పడుతుంది. 6ఎల్6, 807 లాంటి వాల్వులు రెండు జతగా పనిచేస్తే 30 వాట్లు, అటూ ఇటూ వచ్చేవి. పెట్టె బరువులో ఎక్కువ భాగం రెండు ట్రాన్స్‌ఫార్మర్లదే. ఒకటి కరెంటు తీసుకునేది, రెండోది వాల్వు ఇచ్చేదాన్ని స్పీకరుకు తగినట్టు దించేది.

వాల్వుకు 300 వోల్టులు, ఆపైన కావాలి. తుంగభద్ర విద్యుత్తు 1957లో మొదలయ్యాక కూడా రాయలసీమలో అన్ని ఊళ్లకూ కరెంటు చేరడానికి ఏళ్లు పట్టింది. కరెంటు లేని ఊళ్లో 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు. 12ను 300 చేయడానికి వైబ్రేటర్ అనే చిన్న పరికరం ఉండేది. అందులో ఒక లోహపు రేకు సెకనుకు వంద సార్లకు పైగా కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును తెంపి కలుపుతూ ఉంటుంది. అలా తెగి కలిసే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా పోయి వందల వోల్టులుగా పెరుగుతుంది. రేకు కొనలు కాలిపోతే మారిస్తే సరి. ఈ వైబ్రేటర్‌ను గుర్తుంచుకోవాలి, కారు యాంప్లిఫయర్‌లో ఇది మరో రూపంలో తిరిగి వస్తుంది.

30 వాట్లతో ఊరంతా ఎలా వినిపించేదన్నది సబబైన సందేహం. ఇవాళ ఒక కారులోనే 200 వాట్లు పెట్టించుకుంటున్నారు. జవాబు గొట్టం హారన్‌లో ఉంది. హారన్ వెనక బిగించే యూనిట్‌లో ఉండే పల్చటి పొర చిన్నదే. అది కదిలించిన గాలిని హారన్ క్రమంగా వెడల్పవుతూ బయటి గాలికి అందిస్తుంది, అందువల్ల శక్తి వృథా తక్కువ. మంచి హారన్ ఒక్క వాటుకు మీటరు దూరంలో 105 డెసిబెల్స్ దాకా పలుకుతుంది. కారు డోరులో పెట్టే కోను స్పీకరు అదే ఒక్క వాటుకు 90 దగ్గర ఆగుతుంది. 15 డెసిబెల్స్ తేడా అంటే శక్తిలో 30 రెట్లు. హారన్ 30 వాట్లతో చేసే చప్పుడుకు డోరు స్పీకరుకు 900 వాట్లు పోయాలి, అంతకన్నా చాలా ముందే దాని కాయిలు కాలిపోతుంది. బదులుగా హారన్ ఒకటి వదులుకుంటుంది. రెండు మూడు వందల హెర్ట్జ్ కిందికి అది దిగదు. తబలా ధిమ్మనడం అందులో వినపడదు, సన్నాయి, గొంతు, పద్యం ఖంగుమంటాయి. బాసు కావాలన్న కోరిక పుట్టిన రోజున హారన్ కాలం తీరడం, వాట్ల లెక్క పెరగడం రెండూ ఒకేసారి మొదలయ్యాయి.

ఓముల పాఠం మైకు సెట్టు వాళ్లకు డబ్బు పోగొట్టుకుని వచ్చింది. యూనిట్లు ఎక్కువగా 16 ఓములవి. యాంప్లిఫయర్ వెనక 4, 8, 16 ఓములకు విడివిడి బిగింపులుండేవి. 16 ఓముల యూనిట్లు రెండు పక్కపక్కన కలిపితే 8 అవుతాయి, నాలుగు కలిపితే 4. తీగను తప్పు బిగింపుకు వేస్తే శబ్దం నీరసపడుతుంది, లేదా వాల్వూ ట్రాన్స్‌ఫార్మరూ దెబ్బతింటాయి. ఊరి ఆ చివర చెట్టుకు ఒక హారన్, ఈ చివర గుడి మీద ఒకటి కట్టాలంటే సన్నని తీగలో దారిలోనే శక్తి పోతుంది. అందుకు 100 వోల్టుల లైను పద్ధతి వచ్చింది. యాంప్లిఫయర్ దగ్గర వోల్టేజీ పెంచి పంపి, ప్రతి హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించుకోవడం. రైల్వే స్టేషన్లలో, బడుల్లో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

పనికి కొదవ లేని ప్రాంతమిది. మహానందిలో శివరాత్రి, బండి ఆత్మకూరు మండలంలోని ఓంకారం సిద్ధేశ్వరస్వామి దగ్గర కార్తీకమాసపు జనం, సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకు పల్లకీలో వచ్చే పారువేట, పీర్ల పండగ, ఎద్దుల బండలాగుడు పోటీలు, భజనలు, పద్య నాటకాలు. ఇవి పోను పెళ్లిళ్లు. పెళ్లింటికి పందిరి కన్నా ముందు మైకు చేరితే ఆ ఊరికి పెళ్లి మొదలైనట్టు. రికార్డు ప్లేయరు, నల్ల రికార్డుల పెట్టె, యాంప్లిఫయర్, రెండు హారన్లు, తీగ చుట్టలు, బ్యాటరీ అన్నీ ఎద్దుల బండి మీద వచ్చేవి. వాటితో వచ్చే మనిషి రాత్రంతా కూర్చోవాలి. రికార్డు తిప్పి వేయడం, సూది మార్చడం, మైకు కుయ్యిమంటే హారన్ ముఖం పక్కకు తిప్పడం అతని పని. ముందు భక్తి పాట, తర్వాత సినిమా పాటలు అన్న వరస కూడా ఎవరూ రాయకుండానే స్థిరపడింది. షామియానా, లైటింగు, మైకు సెట్టు ఒకే చోట దొరికే సప్లయర్స్ దుకాణాలు ఈ పని మీదే నిలబడ్డాయి.

జీపు మీదికి యాంప్లిఫయర్‌ను ఎక్కించింది ఎన్నికలు. ఎన్నికల విషయంలో నంద్యాల లోక్‌సభ స్థానానికి దేశంలోనే పేరుంది. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఒక్కటీ ఇక్కడి నుంచి జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డికి దక్కింది. 1991 నవంబరు ఉప ఎన్నికలో ప్రధాని పి.వి.నరసింహారావు ఇక్కడే 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఈ రెంటి నడుమ, 1982లో తెలుగుదేశం పెట్టిన ఎన్.టి.రామారావు పాత షెవర్లె వ్యానును చైతన్యరథంగా మార్చి, మైకు బిగించి రాష్ట్రమంతా తిరిగారు. బండినే సభావేదిక చేయవచ్చని ఊరూరా జనం కళ్లారా చూశారు. జీపు టాపు మీద రెండు హారన్లు, ముందు సీట్లో యాంప్లిఫయర్, బండి బ్యాటరీ నుంచే కరెంటు. ఇంజను ఆపి గంటలకొద్దీ ఉపన్యాసం సాగిస్తే బ్యాటరీ దిగిపోయి బండిని తోయవలసి వచ్చేది. వాహనంలో యాంప్లిఫయర్ పెడితే ఇంజను తిరగాలన్న నియమం నేర్పింది ఈ ప్రచారమే.

జీపు మీద ఇంత సులువుగా ఇమడడానికి కారణం ట్రాన్సిస్టరు. 1947లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఆ పరికరానికి ఫిలమెంటు లేదు, వేడెక్కే వరకు ఆగనక్కర్లేదు, 300 వోల్టులూ అక్కర్లేదు. మన దగ్గర రేడియో రిపేరు దుకాణాల్లో 2ఎన్3055 అనే ట్రాన్సిస్టరు ఇంటి మనిషిలా తిరిగింది. అల్యూమినియం హీట్‌సింకుకు నాలుగు బిగించి, ట్రాన్స్‌ఫార్మరు చుట్టించి, రేకు డబ్బాలో కూర్చి అమ్మిన యాంప్లిఫయర్లు కంపెనీ పేరు లేకుండానే ఏళ్ల తరబడి పలికాయి. తర్వాత టీడీఏ, ఎస్టీకే పేర్లతో మొదలయ్యే ఐసీలు వచ్చి ఆ పనిని మరింత తేలిక చేశాయి. ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ కోర్సు చదివిన కుర్రాళ్లకు ఇది చేతి నిండా పని.

కారులో పాట కూడా ఈ దశలోనే వచ్చింది. ఫిలిప్స్ 1963లో క్యాసెట్‌ను ప్రపంచానికి చూపింది. 1980ల నాటికి అంబాసిడర్లు, ఫియట్లు, లారీలు, 1983 చివర్లో వచ్చిన మారుతి 800 అన్నిటిలో క్యాసెట్ ప్లేయరు కనిపించేది. ఇక్కడే 12 వోల్టులు అడ్డుగోడ అయ్యాయి. ఇంజను తిరుగుతున్నప్పుడు బండిలో 14.4 వోల్టులుంటాయి. సాధారణ పద్ధతిలో స్పీకరుకు అందులో సగం, 7.2 వోల్టులే ఎగువకూ దిగువకూ దొరుకుతాయి. 4 ఓముల స్పీకరుకు లెక్క కడితే ఆరున్నర వాట్లు మించవు. రెండు యాంప్లిఫయర్లను ఎదురెదురుగా నడిపే బ్రిడ్జి పద్ధతి వచ్చాక ఇది 20 వాట్ల దగ్గరికి చేరింది. ఇవాళ కంపెనీ కారులో బిగించి ఇచ్చే స్టీరియో ఒక్కో స్పీకరుకు ఇచ్చే స్వచ్ఛమైన శక్తి కూడా ఇంచుమించు ఇంతే. డబ్బా మీద 50×4 అని రాసి ఉన్నా సరే. కారుకు 4 ఓముల స్పీకర్లు స్థిరపడడానికి మూలం ఈ తక్కువ వోల్టేజీయే. ఓములు తగ్గితేనే అదే వోల్టేజీతో ఎక్కువ శక్తి లాగవచ్చు.

ఈ గోడ దాటాలంటే వోల్టేజీ పెంచక తప్పదు. విడిగా అమ్మే కారు యాంప్లిఫయర్ లోపల సగం జాగా ఆక్రమించేది ఈ పని చేసే భాగమే. బ్యాటరీ కరెంటును సెకనుకు వేల సార్లు తెంపి కలిపి, చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మరు గుండా పంపి, 12ను పాతిక ముప్పై వోల్టులకు ఎగువా దిగువా చేస్తుంది. వాల్వుల కాలంలో కొట్టుకున్న రేకు స్థానంలో ఇప్పుడు ట్రాన్సిస్టరు స్విచ్చి ఉంది, అంతే తేడా. ఎద్దుల బండి మీద తిరిగిన సెట్టుకూ కారు సీటు కింద దాగే పెట్టెకూ సూత్రం ఒక్కటే.

వాట్ల అంకె మీద నమ్మకం పోయింది కూడా ఈ క్యాసెట్ల కాలంలోనే. అరచేతి వెడల్పు స్పీకరున్న టేప్‌రికార్డరు మీద వెయ్యి వాట్ల పీఎంపీవో అని అచ్చేసి అమ్మారు. ఆ అంకెకు ఒక కొలత పద్ధతి అంటూ లేదు, రెప్పపాటు కాలంలో ఊహకు అందిన శిఖరాన్ని రాసుకోవడమే. ఇది కొనేవాళ్లకు జరిగిన పచ్చి మోసం, దాని ఛాయ ఇంకా పోలేదు. అమెరికాలో ఇంటి యాంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో 1974లోనే నియమం వచ్చింది. కారు యాంప్లిఫయర్లకు అలాంటి ప్రమాణం, అదీ కంపెనీలు స్వచ్ఛందంగా పాటించేది, 2003లో గానీ రాలేదు. సీఈఏ-2006 అనే ఆ ప్రమాణం ప్రకారం 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల మీద, ఒక శాతానికి మించని వక్రీకరణతో నిలకడగా ఇచ్చే శక్తినే రాయాలి. ఆర్ఎంఎస్ అని పక్కన ఉన్న అంకె కోసం వెతకాలని తెలిసినవాళ్లు చెప్పేది ఇందుకే. మైకు సెట్టు వాళ్లకు ఈ తిప్పలు తక్కువ. 30 వాట్ల అహూజా 30 వాట్లే ఇచ్చేది, లేకపోతే ఆఖరి వీధిలో పాట వినపడక అద్దె డబ్బుల దగ్గరే తేలిపోయేది.

1994లో టాటా సుమో, 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చాయి. ఈ బండ్ల లోపల జాగా ఉంది, తలుపులు పెద్దవి. పాట కోసం వేలు ఖర్చు పెట్టే అలవాటు సీమ పట్టణాల్లో వీటితోనే పెరిగింది. ట్రాక్టర్ల మీద కూడా పెట్టెలు వెలిశాయి. ఒంటరిగా రాత్రిళ్లు దున్నేవాడికి, వడ్ల లోడుతో నంద్యాల మార్కెట్టు దాకా పోయేవాడికి ఆ పాట తోడు.

ఇటు ఊరేగింపుల్లో హారన్లు పోయి డీజే పెట్టెలు వచ్చాయి. 18 అంగుళాల బాసు కోనులు, వేల వాట్లు, వాటిని మోయడానికి జనరేటరు ఉన్న లారీ. చప్పుడుకు హద్దు పెట్టే చట్టమూ ఉంది. కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు లౌడ్‌స్పీకరుకు అనుమతి తప్పనిసరి చేశాయి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా వాడడాన్ని నిషేధించాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. 2005 జులైలో సుప్రీంకోర్టు ఈ రాత్రి నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. గొట్టం హారన్లు ఇప్పుడు గుడి, మసీదు, చర్చి మీద, కూరగాయలమ్మే ఆటో మీద మిగిలాయి. అద్దె వ్యాపారంలో చాలామంది డీజేకు మారారు.

కారు డోరు స్పీకరుకు యాంప్లిఫయర్ ఎంపిక ఈ చరిత్ర చివరి అధ్యాయం. ఆరున్నర అంగుళాల డోరు స్పీకర్లు సాధారణంగా 4 ఓములవి, 50 నుంచి 60 వాట్ల ఆర్ఎంఎస్ భరించేవి. ముందు రెండు, వెనక రెండు తలుపులకు కలిపి 4 ఓముల దగ్గర ఛానెల్‌కు 50 వాట్ల ఆర్ఎంఎస్ ఇచ్చే నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయర్ కొత్తవాళ్లకు చాలినంత. కంపెనీ స్టీరియో ఇచ్చే 20 నుంచి 50కి పెరిగితే చెవికి అందేది నాలుగు డెసిబెల్సే. అసలు లాభం చప్పుడు పెరగడంలో లేదు, పాట పెంచినప్పుడు గొంతు చీలకపోవడంలో ఉంది. చాలని యాంప్లిఫయర్‌ను ఆఖరిదాకా తిప్పి, అది చీలిన శబ్దం పంపితే స్పీకర్లు దెబ్బతినవచ్చు కూడా.

కరెంటు లెక్క జీపు రోజుల్లోదే. 200 వాట్లు ఇవ్వాలంటే పాత ఏబీ తరగతి యాంప్లిఫయర్ 24 ఆంపియర్ల దాకా లాగుతుంది, కరెంటు వృథా తక్కువైన డీ తరగతిదైతే 17 దగ్గర ఆగుతుంది. చిన్న కార్ల ఆల్టర్నేటరు మోయగలిగిందే ఇది. తీగ మాత్రం లావుగా, పూర్తిగా రాగిదై ఉండాలి. బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. అది లేక తీగ ఎక్కడైనా బాడీకి ఒరుసుకుంటే బండి అంటుకుంటుంది. దుకాణాల్లో ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ ఫ్యూజునే కాబట్టి, బానెట్ ఎత్తి చూసుకున్నాకే డబ్బివ్వాలి. 80 హెర్ట్జ్ కిందిది డోరు స్పీకరుకు పోకుండా ఫిల్టరు పెట్టాలి. గెయిన్ మరను వాల్యూం అనుకుని ఆఖరికి తిప్పకూడదు, స్టీరియో ముప్పాతిక వంతులో ఉన్నప్పుడు శబ్దం చీలడం మొదలయ్యే చోటికి కొంచెం వెనక ఆపాలి. స్టీరియో మార్చే ఉద్దేశం లేనివాళ్లు స్పీకరు తీగల నుంచే సంకేతం తీసుకునే ఏర్పాటున్న యాంప్లిఫయర్ అడిగి తీసుకోవాలి.

తలుపు రేకు చిల్లులు మూసి, లోపల అదురు తగ్గించే షీటు అంటించడానికి అయ్యే ఖర్చు యాంప్లిఫయర్ ధరలో కొంత భాగమే. కోను ముందు గాలీ వెనక గాలీ కలిసిపోయే తలుపులో ఎన్ని వాట్లు పోసినా బాసు రాదు. చేతిలో ఉన్న డబ్బు రెంటికీ చాలకపోతే ముందు తలుపు పని చేయించి, యాంప్లిఫయర్ తర్వాత కొనడం మేలు.